ఆరున్నొకటి

నేను లెక్కల టీచర్ని. జనాభా లెక్కల్లో ఒక మనిషిని వదిలేశాను. పొరపాటున అని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. కానీ ఆ పిల్ల నా ఎదురుగా నిలబడి, నన్ను రాశావా అని అడిగింది. రాశానని చెప్పి పంపేశాను. అలాంటిదాన్ని పొరపాటు అనరు. ఈ మధ్య అదే ఊరికి, అదే వీధికి, అదే పని మీద మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. అప్పటి సంగతీ ఇప్పటి సంగతీ రెండూ చెబుతాను. మధ్యలో నా గురించి నేనేమైనా గొప్పగా చెప్పుకుంటే నమ్మకండి.

మా నాన్నది చోడవరం పక్కన పల్లెటూరే. ఉద్యోగానికి విశాఖపట్నం వెళ్లిపోయి, ఫ్యాక్టరీ క్వార్టర్సులో మమ్మల్ని పెంచాడు. అంచేత ఈ ప్రాంతం మాట నా చెవికి తెలుసు గానీ నోటికి రాదు. టీచరు ఉద్యోగం వచ్చి చోడవరం దగ్గర వేస్తే, సొంతూరికి పోతున్నావని ఇంట్లో అందరూ సంబరపడ్డారు. నాకు సొంతూరంటే వేసవి సెలవుల్లో నాలుగు రోజులు దోమలు కుట్టించుకున్న చోటు, అంతే. దానికి తోడు నాకు ముక్కు మీద కోపం. చేరిన కొత్తలోనే జనాభా లెక్కల డ్యూటీ వేశారు.

మండలాఫీసులో ట్రైనింగ్ ఇచ్చారు. ఫారాలు, వీధి మ్యాపు, గోడల మీద ఇంటి నంబరు వెయ్యడానికి ఎర్ర రంగు డబ్బా, ఒక కుంచె చేతిలో పెట్టారు. మనిషి మామూలుగా ఎక్కడ ఉంటే అక్కడే రాయాలి, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లని రాయకూడదు, ఒకర్ని రెండు చోట్ల రాయకూడదు, ఏ ఒక్కర్నీ వదలకూడదు అని చెప్పారు. ఇందులో కష్టమేముందిలే అనుకున్నాను.

నాకు వచ్చిన వీధి, వడ్డాది వెళ్లే రోడ్డు మీంచి లోపలికి తిరిగితే వస్తుంది. రెండు పక్కలా చెరకు చేలు. నరికేసిన మోళ్లు మళ్లీ చిగిర్చి మోకాలెత్తు ఉన్నాయి. పొద్దుట అందరూ పొలాల్లో ఉంటారని మిట్టమధ్యాహ్నం వెళ్లేదాన్ని. ఆ వేళ వీధిలో కుక్క కూడా కనిపించదు. తలుపులన్నీ బార్లా తీసే ఉంటాయి, లోపలంతా చీకటి. గుమ్మంలో నిలబడి పిలిస్తే ఎక్కడో పెరట్లోంచి “ఎవులూ” అని గొంతు వస్తుంది గానీ మనిషి రావడానికి చాలాసేపు పడుతుంది. ఆ కాస్త సేపూ ఆ చీకట్లోంచి ఎవరో నన్ను చూస్తున్నట్టే ఉండేది. ఎండ దెబ్బేమో అనుకుని సీసాలో నీళ్లు తాగేదాన్ని.

పని మాత్రం నాకు నచ్చింది, ఒప్పుకుంటాను. వయసు అడిగితే ఆ వీధిలో నలభై ఒకటి వాళ్లు లేరు, యాభై మూడు వాళ్లూ లేరు. అందరికీ నలభై, యాభై, అరవై. గాజువాకలో కాపురం పెట్టి పదేళ్లయిన కొడుకు పేరు తల్లి అందరికంటే ముందు చెబుతుంది. ఇక్కడ ఉండడు కదమ్మా అంటే, “ఉండకపోతే ఏటి, ఆడి కంచం ఇక్కడే ఉంది. రాసీ” అంటుంది. ముసలివాళ్లూ చంటిపిల్లలూ మాత్రమే ఉన్న ఇంటి కాగితం చూస్తే, మధ్య వయసువాళ్లు ఆ వేళ ఏ కంపెనీ బస్సులో కునుకు తీస్తున్నారో చెప్పెయ్యొచ్చు. మనుషులు దాచినా కాగితం దాచదని స్టాఫ్‌రూములో గొప్పలు పోయేదాన్ని.

వీధి చివరి ఇల్లు పెంకుటిల్లు. ముందు చిన్న అరుగు. అరుగు మీద ఒక ముసలావిడ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఆవిడ కోడలు తలుపు వెనకాల సగం కనిపిస్తూ నిలబడింది. ఇద్దరికీ మధ్య, సరిగ్గా గడప మీద, నాలుగైదేళ్ల పిల్ల కూర్చుని ఉంది. వాళ్ల అన్న యూనిఫారం చొక్కా తొడుక్కున్నట్టుంది, మోకాళ్లు దాటి వేలాడుతోంది.

“గడప మీద కూకోకే అంటే ఇనదు గుంట” అని ముసలావిడ ఆ పిల్లని అదిలించింది. అది కదల్లేదు.

“ఇంట్లో ఎంతమంది అమ్మా?” అని అడిగాను.

“ఆరున్నొకటి తల్లీ.”

ఆరూ, పైన ఇంకొకటి. నాకు అలాగే వినిపించింది. ఇంటివాళ్లు ఆరుగురు, చుట్టపుచూపుగా ఒకరెవరో వచ్చి ఉన్నారు అనుకున్నాను.

“ఆ ఒకటి ఎవరు?”

ముసలావిడ పేరు చెప్పలేదు. గెడ్డంతో గడప వైపు చూపించింది. “అదీ.”

“మీ పిల్లేనా? ఇక్కడే ఉంటుందా?”

“ఎవులి పిల్లయితే ఏటి తల్లీ, పిల్లే కదా. మరీ అలగ ఏలెట్టి లెక్కెట్టకు” అని ముసలావిడ మొహం పక్కకి తిప్పుకుంది.

పసిపిల్లల్ని వేలు పెట్టి లెక్కపెడితే దిష్టి అని ఆ వీధిలో అందరికీ భయం. మూడిళ్ల ముందే ఒకావిడ అదే మాట చెప్పింది కూడా. ఈవిడా అందుకే తప్పించుకుంటోందని నాకు తట్టాలి. తట్టలేదు. పక్కింటి పిల్లో, చుట్టాల పిల్లో అయి ఉంటుంది, దాని ఇంటి దగ్గర దాన్ని రాస్తారులే అని తేల్చేసుకున్నాను. నిజం చెప్పాలంటే ఎండకి తల పగిలిపోతోంది, తిరుగు దారిలో ఇంకా రెండు ఇళ్లున్నాయి. అందుకని తేల్చేసుకున్నాను.

పేర్లు అడిగాను. ఇంటి యజమాని పేరు చెప్పమంటే కోడలు నవ్వి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడి పేరు ఎలా చెబుతుంది? అప్పుడు గడప మీది పిల్ల లేచి వచ్చింది. “అయ్య పేరు నాను సెప్తాను” అంది. చెప్పింది. నాయనమ్మ పేరు, అమ్మ పేరు, చిన్నాన్న పేరు, ఇద్దరు అన్నల పేర్లు, వేళ్లు మడుస్తూ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆరు పేర్లూ అయిపోయాక నోరు కొంచెం తెరుచుకుని నా మొహంలోకి చూస్తూ నిలబడింది. నేను తన పేరు అడుగుతానని చూస్తోంది. చుట్టాల పిల్లలూ వరసలు ఇలాగే కలుపుతారులే అని నేను ‘చాలు’ అన్నాను.

సంతకం కోసం పేర్లు పైకి చదివాను. ఆరో పేరు దగ్గర ఆపగానే తలుపు వెనక కోడలు “మా గుంట...” అని ఏదో అనబోయింది. అత్తగారు ఒక్క చూపు చూసింది. కోడలు లోపలికి వెళ్లిపోయింది. నేను ఇవన్నీ చూశాను. చూడలేదని ఇప్పుడు చెప్పలేను. ముసలావిడ వేలిముద్ర వేసింది.

గోడ మీద ఎర్ర రంగుతో ఇంటి నంబరు వేస్తుంటే ఆ పిల్ల డబ్బాలో వేలు ముంచి నంబరు కింద ఒక చుక్క పెట్టింది. గవర్నమెంటు నంబరు పాడు చేస్తావా అని చేతి మీద ఒకటి వేశాను. ఏడవలేదు. చెయ్యి వెనక్కి పెట్టుకుని అడిగింది.

“నన్ను రాసేవా?”

“రాశాను లే, పో.”

“ఎక్కడా?”

దానికి చదువు రాదు కదా. ఫారం దాని ముందు పెట్టి, దాని చిన్నన్న పేరున్న గీత మీద వేలు పెట్టి “ఇదిగో, ఇక్కడ” అన్నాను. అదీ అక్కడే వేలు పెట్టింది. ఫారం మీద ఎర్ర మరక పడింది. సంతోషంగా నవ్వింది. తర్వాత రెండిళ్లకీ నా వెనకే వచ్చింది, ప్రతి గుమ్మం దగ్గరా అదే ప్రశ్న. “నన్ను రాసేవా?” “రాశానన్నానా?” నేను రోడ్డెక్కే దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది.

నాకో అలవాటు ఉంది. ఫారంతో సంబంధం లేకుండా ఒక రఫ్ నోట్సులో, ప్రతి ఇంట్లోనూ కంటికి కనిపించిన మనిషికీ, పేరు చెప్పిన మనిషికీ పెన్సిల్‌తో ఒక్కో గీత గీస్తాను. లెక్క సరిచూసుకోవడానికి. ఆ రోజు బడి వరండాలో కూర్చుని కూడితే ఫారాల్లో మనుషుల కంటే నోట్సులో గీతలు ఒకటి ఎక్కువ వచ్చాయి. మళ్లీ కూడి చూశాను. మళ్లీ ఒకటి ఎక్కువ. ఏ ఇంటిదో నాకు తెలుసు. రబ్బరు తీసుకుని ఆ ఇంటి దగ్గర చివరి గీత చెరిపాను. పోలేదు. గట్టిగా రుద్దాను. కాగితం చిరిగి చిల్లు పడింది. లెక్క సరిపోయింది కదా అని కట్ట కట్టి ఫారాలు ఇచ్చేశాను.

ఆ తర్వాత కొన్నాళ్లకి వడ్డాది సంతకి వెళ్లాను. ఎండలకి అంబలి కాచుకుందామని చోళ్లు, అదే రాగులు, కొనడానికి. ఒక రైతు తవ్వతో కొలిచి సంచిలో పోస్తున్నాడు. “లాభం” అన్నాడు మొదటి తవ్వకి. ఒకటి అనకుండా లాభం అంటారని మా నాన్న దగ్గర విన్నదే. రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. తర్వాత తవ్వ ఎత్తి పోస్తూ “ఆరున్నొకటి” అన్నాడు. ఆ పైది ఎనిమిది.

“మధ్యలో అదేమిటి?” అన్నాను.

అతను నా వైపు జాలిగా చూశాడు. “ఆ మాట కొలతలో అనకూడదు మేడమ్. గింజ ముందర ఏడు అంటే ఏటి, ఏడవమన్నట్టే కదా. అందుకే ఆరున్నొకటి అంటాం. గింజకే కాదు, గొడ్డుకైనా అంతే, మనుసులకైనా అంతే.”

సంచి పట్టుకుని ఆ జనం మధ్య అలాగే నిలబడిపోయాను. క్లాసులో ఏ పిల్ల ముక్కు చీదినా ‘ఆరున్నొక్క రాగం ఎత్తుకోకు’ అని అరిచే మనిషిని నేను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కనాడూ ఆలోచించలేదు. ముసలావిడ నాకు సరిగ్గానే చెప్పింది. ఇంట్లో ఏడుగురు. పిల్ల ఆ ఇంటిదే. నేనే దాన్ని గడప బయట పెట్టి వచ్చాను.

ఫారాలు అప్పటికే వెళ్లిపోయాయి. దానివల్ల ఎవరికీ ఏమీ ఆగిపోదు, అది రేషన్ కార్డు కాదు, బడి రిజిస్టరు కాదు, ఒక దేశానికి ఒక గుంట తక్కువైతే ఏమవుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. బస్సు ఎక్కితే అరగంట దూరం. వెళ్లి ఆ తల్లికి ఒక్క మాట చెప్పి రావచ్చు. వెళ్లలేదు. సిగ్గు, బద్ధకం, రెండూను.

ఆ ఏడాది వానల్లో మొదలైంది. హాజరు పిలిచాక తలలు లెక్కపెడితే ఒకటి ఎక్కువ వచ్చేది. రోజూ కాదు, ఎప్పుడో ఒకనాడు. మళ్లీ లెక్కపెడితే సరిపోయేది. ఎక్కువైన తల ఎప్పుడూ తలుపు దగ్గరే ఉన్నట్టు అనిపించేది. అటు తిరిగి చూస్తే ఖాళీ గుమ్మం, బయట వాన. కళ్లు పరీక్ష చేయించుకున్నాను. కళ్లద్దాలు వచ్చాయి గానీ అది పోలేదు. ఎవరికీ చెప్పలేదు. లెక్కల టీచరుకి లెక్క రావడం లేదని ఏ మొహం పెట్టుకుని చెబుతాం?

పదహారేళ్ల తర్వాత ఇప్పుడు మళ్లీ జనాభా లెక్కలొచ్చాయి. ఈసారి కాగితం లేదు, ఫోన్లోనే. ఈ విడతలో అందరి పేర్లూ అడగరు. ఇల్లు ఎలాంటిది, నీళ్లు ఎక్కడివి, మనుషులు ఎంతమంది, అంతే. డ్యూటీ కాగితంలో ఆ వీధి పేరే ఉంది. వేరే బ్లాకుకి మార్చుకోవచ్చు, తోటి టీచరు ఒకావిడ మార్చుకుందామని అడిగింది కూడా. వద్దన్నాను. ఇంటికొచ్చి బీరువా అడుగునుంచి పాత నోట్సు తీసి సంచిలో పెట్టుకున్నాను. దాంతో ఏం చేస్తానో నాకే తెలీదు.

వీధిలో చాలా ఇళ్లు స్లాబు ఇళ్లయ్యాయి. చివరి ఇల్లు మాత్రం అదే పెంకుటిల్లు. ఈ మధ్యే సున్నం వేసినట్టున్నారు, తెల్లగా మెరుస్తోంది. అరచెయ్యంత మేర మాత్రం సున్నం వెయ్యకుండా వదిలేశారు. అక్కడ నేను వేసిన ఎర్ర నంబరు, దాని కింద చిన్న వేలి చుక్క. ఎన్నిసార్లు సున్నం వేశారో, ప్రతిసారీ ఆ చోటు వదిలినట్టు అంచులు గట్టు కట్టి ఉన్నాయి.

అరుగు మీద ఒకావిడ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ముసలావిడే అనుకున్నాను. కాదు. అప్పుడు తలుపు వెనక నిలబడిన కోడలు. అత్తగారు పోయాక ఆ చోటు ఈవిడకొచ్చింది. ఇప్పుడు తలుపు వెనక ఈవిడ కోడలు నిలబడి ఉంది, చంకలో చంటివాడితో.

ముందు నా కంటపడింది గడప. ఆ కోడలు నాకు మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లి వచ్చినప్పుడు గడప మధ్యలోంచి దాటలేదు. భుజం తలుపుకి రాసుకుంటూ, ఓ పక్కగా ఒదిగి దాటింది. కాసేపటికి లోపల్నుంచి కుర్రాడొకడు బయటికి వెళ్లాడు. వాడూ అలాగే ఒదిగి దాటాడు. గడప దగ్గర ఒక చిన్న కంచంలో అన్నం మెతుకులున్నాయి. చీమలు బారు కట్టాయి. ఆ బారు గడప వెంబడి తిన్నగా వచ్చి, మధ్యలో ఒక పిల్ల కూర్చునేంత మేర చుట్టు తిరిగి, మళ్లీ తిన్నగా పోతోంది. మిట్టమధ్యాహ్నం, ఒళ్లంతా చెమట.

ఫోను తీసి అడిగాను. “ఇంట్లో ఎంతమంది అమ్మా?”

“ఆరున్నొకటి.”

ఈసారి నాకు అర్థం తెలుసు. కానీ తెలిసినా లెక్క కుదరలేదు. ఆవిడ, భర్త, ఇద్దరు కొడుకులు, కోడలు, చంటివాడు. ఆరుగురే. అడక్కూడదని తెలిసే అడిగాను.

“ఆ ఒకటి ఎవరమ్మా?”

ఆవిడ గెడ్డంతో గడప వైపు చూపించింది. “అదీ.”

నేను అటు చూడలేదు. ఆవిడే నన్ను పరీక్షగా చూసింది. “నువ్వేనా తల్లీ అప్పుడొచ్చింది? కళ్లద్దాలెట్టేవు గానీ నాను పోల్చుకున్నాను. గుంట సెయ్యి మీద కొట్టేవు కదా.”

“కొట్టాను” అన్నాను.

“నువ్వు ఎల్లేక వచ్చిన వానాకాలమే దానికి జొరమొచ్చింది. మూడు రోజులు. ఆ మూడు రోజులూ నన్ను రాసినారు, నన్ను రాసినారని ఒకటే పలవరింత. నాకు తెలుసు నువ్వు రాయనేదని. మా అత్త నోరెత్తనిచ్చింది కాదు గానీ, ఆ రోజే సెప్దును. నాలుగోనాడు అందరూ వచ్చి ఎల్లిపోనాది అన్నారు. ఎక్కడికి ఎల్తాది? రాసినోల్ల పేరైతే గీత గీసి కొట్టేస్తారు. రాయని పేరు ఎలగ కొట్టేస్తారు? ఇక్కడే ఉంది. గడప మీద కూకోకే అంటే ఇనదు.”

అంతా మామూలుగా చెప్పింది, పెరట్లో కోడి ఎక్కడ పడుకుంటుందో చెప్పినట్టు. ఆవిడ లోపలికి లేచి వెళ్లగానే కోడలు నా దగ్గరికి వచ్చి వంగి మాట్లాడింది.

“మేడమ్, మా అత్త అప్పుడు ఏడవనేదంట. ఇప్పటికీ కంట ఒక్క చుక్క పెట్టదు. ఆ గుంటకి రోజూ కంచం పెడతాది. అంతవరకూ పరవానేదు. కానీ ఈడు సూడండి.” చంటివాడిని చూపించింది. వాడు తల్లి భుజం మీంచి గడప వైపు చేతులు చాపి నవ్వుతున్నాడు. అక్కడ ఎవరూ లేరు. “రోజూ ఇదే ఏల అయ్యేసరికి అటే. ఎత్తుకుంటే ఉండడు, దిగిపోతానంటాడు. నిన్న పాక్కుంటూ ఎల్లి దాని కంచంలోది తినేసేడు. నాకు బయమేస్తంది మేడమ్. ఏదోటి రాసీండి, దాన్ని ఎల్లిపోనివ్వండి. నా పిల్లడు నాకు కావాల.”

నేను ఆ ఇంట్లో ఒక్క పేరు రాయకపోవడం ఎక్కడిదాకా వచ్చిందో అప్పుడు కళ్లారా చూశాను. ఇంతమంది తిరిగే గడపని మూసేసింది నా బద్ధకమే.

ఆ పిల్ల తల్లి తిరిగి వచ్చి అరుగు మీద కూర్చుంది. ఒక్క మాట అడిగింది. “అప్పుడు రాయనేదు. ఇప్పుడైనా రాసీ.”

“అమ్మా, ఇందులో ఇప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లనే రాయాలి.”

“ఉంది కదా.”

ఫోన్లో అంకె కొట్టడం ఒక్క క్షణం పని. ఆరు తీసి ఏడు వేస్తే ఆవిడకి తృప్తి, నాకు పాపపరిహారం, ఎవరూ వచ్చి అడగరు. కానీ అలా వేస్తే ఆ పిల్ల ఇంకో పదేళ్లు, ఇరవై ఏళ్లు ఆ గడప మీదే కూర్చుంటుంది, నా చేతి రాతతోనే. చంటివాడు అటే పాకుతూ పెరుగుతాడు. ఒకసారి దొంగ లెక్క రాశాను. రెండోసారి రాయడానికి చెయ్యి రాలేదు.

సంచిలోంచి పాత నోట్సు తీశాను. ఆ ఇంటి పేజీ తెరిచి ఆవిడ ఒళ్లో పెట్టాను.

“ఇది నేను ఆ రోజు గీసుకున్న లెక్క. మనిషికో గీత. నీ పిల్లకీ గీశాను, తర్వాత చెరిపేశాను. ఇదిగో, ఈ చిల్లు అదే. తప్పు నాది. మీ అత్త సరిగ్గానే చెప్పింది, నాకే తెలీలేదు. తెలిశాక కూడా రాలేదు.”

ఆవిడ చిల్లులోకి వేలు పెట్టి చూసింది. వేలి కొస అవతలి పక్కకి వచ్చింది.

నేను ఎర్ర పెన్ను తీసి చిల్లు పక్కన కొత్తగా ఒక గీత గీశాను. “ఇప్పుడు నువ్వే లెక్కపెట్టు” అన్నాను.

ఆవిడ వేలు మొదటి గీత మీద పెట్టింది. “లాభం” అంది. అది అత్తగారి గీత. “రెండు.” మొగుడు. “మూడు, నాలుగు, అయిదు, ఆరు.” ఎర్ర గీత దగ్గర వేలు ఆగింది. “ఆరున్నొకటి.”

“కాదమ్మా” అన్నాను. “ఏడు.”

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. గింజ ముందే అనరు, పిల్ల ముందు అంటారా? ఆవిడ తలెత్తి నా మొహంలోకి చూసింది, అచ్చం ఆ పిల్ల చూసినట్టు, నోరు కొంచెం తెరుచుకుని. నేను మళ్లీ అన్నాను. “ఏడు తల్లీ.” అంకె చెప్పానో, ఏడవమన్నానో నాకే తెలియలేదు.

ముందు ఆవిడ గెడ్డం వణికింది. తర్వాత నోట్సు మీద బోర్లా పడిపోయింది. ఆ ఏడుపు ఎక్కడ దాగుందో ఇన్నాళ్లూ, పెంకులు కదిలేలా వచ్చింది. పిల్ల పేరు పెట్టి పిలిచింది. ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి. ఆ రోజు నేను అడగని పేరు. పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చి వాకిట్లో ఆగిపోయారు. కోడలు పట్టుకోబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. నా కళ్లద్దాలూ తడిసిపోయాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

ఎంతసేపయిందో. గొంతు బొంగురుపోయి, ఎక్కిళ్లు మిగిలాయి. చంటివాడు గడప వైపు చూడడం మానేసి బెంబేలెత్తి వాళ్ల అమ్మ మెడ కరుచుకుని ఉన్నాడు. ఆవిడ లేచి గడప దగ్గర కంచం తీసింది. పెరట్లోకి వెళ్లి కడిగి, మిగతా కంచాల మీద బోర్లించి వచ్చింది. వస్తూ గడప మధ్యలో కాలు ఎత్తి, ఒక్క క్షణం ఆగి, తిన్నగా దాటింది.

ఫోను నా చేతిలో ఇంకా అదే గడి దగ్గర ఉంది. ఆవిడే చెప్పింది.

“ఆరుగురం తల్లీ. రాసీ.”

ఆరు అని కొట్టాను. అప్పుడు నేను రాసిందీ అదే అంకె. గోడ మీద కొత్త నంబరు వెయ్యడానికి లేస్తే, పాత చుక్క పక్కన వెయ్యమంది. వేశాను. నోట్సు ఆవిడ దగ్గరే ఉంచుకుంది, నేనూ అడగలేదు.

ఇంకా రెండిళ్లు ఉన్నాయి. అప్పటిలాగే నడిచాను. ఒక్కో గుమ్మం దగ్గర ఆగి, ప్రశ్నలడిగి, అంకెలు కొట్టి, వెనక్కి తిరిగి చూశాను. ఎండ, చెరకు, ఖాళీ వీధి. రోడ్డెక్కే చోట కావాలనే చాలాసేపు నిలబడ్డాను. నన్ను రాశావా అని ఎవరూ అడగలేదు.